30 నుంచి 50కి, 50 నుంచి 70కి: విల్లు సైట్ ఒకేలా ఎందుకు దిగడం లేదు?

ప్రశ్న:
రికర్వ్ విల్లుతో (చివరలు ముందుకు వంగిన విల్లు) సాధన చేస్తున్నాను. 30 మీటర్ల నుంచి 50 మీటర్లకు మారినప్పుడు సైట్‌ను (విల్లు మీద గురి చూసే సాధనం) 28 మిల్లీమీటర్లు దించాను. 50 నుంచి 70కి మారినప్పుడు 30 మిల్లీమీటర్లు దించితే గాని బాణాలు లక్ష్యం మధ్యనున్న పసుపులో పడలేదు. రెండుసార్లూ పెరిగింది 20 మీటర్లే కదా. కార్బన్ బాణం బరువు 20 గ్రాములు, వేగం సెకనుకు 55 మీటర్లు. ఇది గాలి నిరోధమా, నా రిలీజ్‌లో (బాణాన్ని వదిలే తీరులో) లోపమా? తేలిక బాణాలకు మారమని మైదానంలో ఒకరు సలహా ఇచ్చారు, మారవచ్చునా?

జవాబు 1:
రిలీజ్ లోపమైతే బాణాలు చెదురుతాయే తప్ప సైట్ గుర్తులు ఇంత క్రమంగా జరగవు. గాలి నిరోధమే లేకపోతే బాణాన్ని ఎత్తి పట్టవలసిన కోణం దూరంతో పాటు దాదాపు సమానంగా పెరుగుతుంది కనుక ప్రతి 20 మీటర్లకూ సైట్ ఇంచుమించు ఒకేలా దిగాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది; సన్నని షాఫ్ట్ (బాణపు కడ్డీ) అనుకుని స్థూలంగా లెక్కిస్తే, 55తో బయలుదేరిన బాణం 70 మీటర్ల దగ్గరకు చేరేసరికి సెకనుకు 50 మీటర్లకు తగ్గుతుంది. గాలి నిరోధం లేకపోతే అది బయలుదేరిన దిశలోని సరళరేఖ నుంచి 7.9 మీటర్లు దిగేది. ఇప్పుడు సుమారు 8.4 మీటర్లు దిగుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే కాబట్టి ఆ అర మీటరు చిన్నదేమీ కాదు.

జవాబు 2:
పై లెక్క సరైనదే, కాని 2 మిల్లీమీటర్ల తేడానంతా గాలి మీదికి నెట్టడం న్యాయం కాదు. బాణం గడ్డం కింద నుంచి, అంటే కంటికి సుమారు 12 సెంటీమీటర్ల దిగువ నుంచి బయలుదేరుతుంది. ఆ ఎత్తును అందుకోవడానికి అదనంగా కావలసిన కోణం దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, అదీ మొదట్లోనే ఎక్కువగా. సైట్ కంటికి 85 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఈ కారణంగా మొదటి 20 మీటర్లకు సుమారు 1.4 మిల్లీమీటర్లు, తర్వాతి 20 మీటర్లకు 0.6 మిల్లీమీటర్లు తక్కువ దించితే సరిపోతుంది. మీరు చూసిన తేడాలో దాదాపు సగం ఇక్కడే తేలిపోతుంది.

జవాబు 3:
బాణాలు మార్చే ముందు పక్కగాలిని కూడా చూడండి. గాలి నిరోధం వల్ల బాణం ఎంత ఆలస్యంగా చేరుతుందో, ఆ ఆలస్యాన్ని పక్కగాలి వేగంతో గుణిస్తే అది ఎంత పక్కకు జరుగుతుందో తెలుస్తుంది. మీ బాణానికి 70 మీటర్ల వద్ద ఆలస్యం సుమారు 0.064 సెకను, సెకనుకు 3 మీటర్ల గాలి వీస్తే దాదాపు 19 సెంటీమీటర్లు, అంటే మూడు వలయాలు. అదే మందంలో 17 గ్రాముల బాణం వేస్తే అది ఎక్కువ వేగంతో బయలుదేరుతుంది, సైట్ కూడా తక్కువ దిగుతుంది. కాని బరువు తగ్గడంతో వేగాన్ని త్వరగా పోగొట్టుకుని గాలికి ఇంకా ఎక్కువ జరుగుతుంది. వేగమొక్కటే చూసి బాణం కొనడం నా దృష్టిలో తెలివైన పని కాదు. (18 మీటర్ల ఇండోర్ పోటీల్లో గాలి బెడద లేదు కనుకనే 9.3 మిల్లీమీటర్ల లావు బాణాలతో కూడా వేస్తారు. లావు బాణం గీతను తాకే అవకాశం ఎక్కువ, తాకితే రెండు వలయాల్లో ఎక్కువ పాయింట్లున్న దానివే వస్తాయి.) ఆరుబయట 70 మీటర్లకు మాత్రం బరువు తగ్గించకుండా సన్నని షాఫ్ట్, చిన్న ఈకలు ప్రయత్నించండి, బాణం ఊగకుండా నిలకడగా వెళుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మూడు దూరాలకూ సైట్ గుర్తులు మళ్లీ పెట్టుకోండి.