పక్కటెముక కార్టిలేజ్‌తో ముక్కు సర్జరీ అయింది, గ్రాఫ్ట్ వంగిపోతోందేమోనని భయంగా ఉంది

సాగరతీరం:
చిన్నప్పుడు మెట్ల మీద పడి నా ముక్కు మధ్యలో దిగబడిపోయింది, ఒకవైపు గాలి కూడా సరిగా ఆడేది కాదు. లోపలి దూలంలో, అంటే రెండు రంధ్రాల మధ్య గోడలో, వాడుకునేంత కార్టిలేజ్ (మెత్తటి ఎముక) లేదని పక్కటెముక దగ్గర నుంచి తీసి పెట్టారు, ఆ ముక్కనే గ్రాఫ్ట్ అంటారు. ఇప్పుడు నాలుగో నెల. గాలి హాయిగా ఆడుతోంది, అంతవరకు చాలా సంతోషం. కానీ ముక్కు కొన బాగా గట్టిగా ఉంది, నవ్వినా కదలదు, వేలితో తడిమితే పైన ఒక పక్క అంచు తగులుతోంది, సెల్ఫీల్లో ఎడమకి వంగినట్టు కనిపిస్తోంది. గ్రాఫ్ట్ వంగుతుందని, కరిగిపోతుందని, శరీరం బయటికి తోసేస్తుందని నెట్‌లో చదివాక నిద్ర పట్టడం లేదు. డాక్టర్‌గారేమో ఏడాది ఆగమ్మా అంటున్నారు. అన్ని నెలలు ఎందుకు ఆగాలి? ఇంట్లో చెబితే, వద్దంటే విన్నావా అంటారు.

మల్లెతీగ:
నాది చెవి వెనక నుంచి తీసిన కార్టిలేజ్, చాలా ఏళ్లయింది. కొన గట్టిదనం నాకూ ఏడాది దాకా ఉంది, పొద్దున లేవగానే వాపు ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. ముందు ఆ సెల్ఫీలు ఆపండి. ఫోన్ మొహానికి దగ్గరగా పెడితే ముక్కు ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది, కొంచెం తల తిప్పినా వంకరగా కనిపిస్తుంది. నెలకోసారి ఇంకొకరితో దూరం నుంచి, ఒకే వెలుతురులో తీయించుకోండి చాలు. అన్నీ సర్దుకుంటాయి.

ఈఎన్‌టీ_పీజీ:
మీరు చదివిన మూడు భయాలూ వేర్వేరు అండి, కలిపేసుకోవద్దు. శరీరం తోసేయడం అనేది ఎక్కువగా సిలికాన్ లాంటి బయటి ఇంప్లాంట్లతో వచ్చే సమస్య, మీ సొంత కార్టిలేజ్‌ను శరీరం పరాయిదిగా చూడదు. కరగడం కూడా సొంతదానిలో తక్కువే, దాత నుంచి తీసి రేడియేషన్ ఇచ్చిన పక్కటెముక కార్టిలేజ్‌తో ఆ భయం ఎక్కువ. వంగడం మాత్రం నిజమే. పక్కటెముక కార్టిలేజ్ పై పొరల్లో బిగువు ఉంటుంది, ఒక పక్కే చెక్కితే రెండో పక్కకి లాగేస్తుంది. అందుకే రెండు వైపులా సమానంగా చెక్కాలని గిబ్సన్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు 1958లోనే రాశారు. ఇప్పటికీ చాలామంది సర్జన్లు చెక్కిన ముక్కని కాసేపు సెలైన్‌లో ఉంచి, ఎటు వంగుతుందో చూసి అప్పుడు పెడతారు. అయినా కొందరిలో తర్వాత వంగవచ్చు.

ఇక ఆగమనడం ఎందుకంటే, వాపు రెండు పక్కలా ఒకేలా తగ్గదు, కొన దగ్గర అన్నిటికన్నా ఆలస్యం. లోపల కోత మానిన మచ్చ ఇంకా గట్టిగా ఉండగా మళ్లీ తెరిస్తే మీకే నష్టం. కానీ ఎర్రబడటం, వేడి, పెరుగుతున్న నొప్పి, చీము, జ్వరం, చర్మం పల్చబడి గ్రాఫ్ట్ అంచు తెల్లగా కనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఏడాది మాట పక్కన పెట్టి ఆ రోజే వెళ్లండి.

కృష్ణాతీరం:
మల్లెతీగ గారూ, అన్నీ సర్దుకుంటాయి అనడం నాకు నచ్చలేదు. మా చెల్లిది చర్మం పల్చన, వాపు తగ్గాక గ్రాఫ్ట్ అంచు ఇంకా బాగా కనిపించింది, ఏడాది దాటాక లోకల్ అనస్తీషియా ఇచ్చి కొంచెం చెక్కితే సరిపోయింది. సాగరతీరం గారూ, మీకు తగులుతున్న అంచు ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, ఫైల్లో రాయమనండి. ఏ గ్రాఫ్ట్ ఎక్కడ పెట్టారో ఆపరేషన్ నోట్స్ కాపీ అడగండి, అది మీ హక్కు. రెండో డాక్టర్‌కి చూపించాలన్నా ఆ కాగితం లేకపోతే ఆయన ఊహించడమే. ఇంట్లో వాళ్ల మాటకి మనసు పాడు చేసుకోకండి, ఊపిరి ఆడకపోతే చేయించుకున్నారు, షోకు కోసం కాదు. షోకు కోసమే అయినా అది మీ మొహం.

సాగరతీరం:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఎర్రదనం, జ్వరం ఏమీ లేవు. సోమవారం వెళ్లి నోట్స్ అడుగుతాను. వాపు తగ్గడానికి ఇంజెక్షన్ ఉందని ఒకరు చెప్పారు, అది అడగొచ్చా? కళ్లద్దాలు పెట్టుకోవచ్చా?

ఈఎన్‌టీ_పీజీ:
అది స్టెరాయిడ్ ఇంజెక్షన్. అడగండి, కానీ ఎక్కువైతే చర్మం పల్చబడుతుంది, మీ సర్జన్ తప్ప ఇంకెవరూ ఇవ్వకూడదు. అద్దాల బరువు సరిగ్గా మీ గ్రాఫ్ట్ మీదే పడుతుంది కాబట్టి సోమవారం ఫ్రేమ్ తీసుకెళ్లి చూపించండి, అప్పటిదాకా ఆ అంచుని తడమడం, నొక్కడం మాత్రం వద్దు.