స్పాట్ వెల్డింగ్ కంట్రోల్ చేతి ప్రోగ్రామర్‌లో విలువ మార్చినా గన్ మీద తేడా రావడం లేదు, ఎవరైనా చెప్పండి

నైట్‌షిఫ్ట్_పెనుకొండ

అందరికీ నమస్కారం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో మెయింటెనెన్స్‌లో చేరి నాలుగు నెలలైంది, డిప్లొమా ఎలక్ట్రికల్. రెండు రాగి టిప్పుల మధ్య షీట్లని నొక్కి కరెంటుతో అతికించే స్పాట్ వెల్డింగ్ గన్ల ప్యానెల్స్ చూసే సీనియర్ అన్న పోయిన నెల వేరే ప్లాంటుకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ప్రోగ్రామర్ బాక్స్ నా చేతిలో పెట్టాడు. అదే, కేబుల్‌తో ప్యానెల్‌కి తగిలించి విలువలు మార్చే చేతి టెర్మినల్. నాలుగు లైన్ల స్క్రీను, కింద రబ్బరు బటన్లు, ఎంటర్ బటన్ మీద అక్షరాలు అరిగిపోయి తెల్లగా అయిపోయింది.

సంగతేంటంటే, 1 మి.మీ. జింక్ పూత షీట్లు రెండు కలిపి బ్రాకెట్ చేస్తున్నాం. ఈ రాత్రి షిఫ్ట్‌లో ఉలి పెట్టి చూస్తే వెల్డులు ఊడి వచ్చేస్తున్నాయని క్వాలిటీ వాళ్లు లైన్ ఆపారు. నేను బాక్స్ తగిలించి షెడ్యూల్ 1లో (షెడ్యూల్ అంటే ఒక వెల్డుకి కావాల్సిన విలువల సెట్టు) వెల్డ్ టైమ్, అంటే కరెంటు పారే సమయం, 10 సైకిళ్లు ఉంటే 12 చేశాను. ఎంటర్ కొట్టాను, స్క్రీన్ మీద 12 అనే కనిపించింది. పది పీసులు కొట్టి చూస్తే ఏ మార్పూ లేదు. 14 చేశాను, అయినా అంతే. ఈలోగా ఆపరేటర్ టిప్పులు బాగా అరిగాయని కొత్తవి వేశాడు, ఇక అక్కడి నుంచి చిచ్చుబుడ్డి వెలిగించినట్టు నిప్పురవ్వలు, రెండు పీసులకి ఏకంగా చిల్లులు పడ్డాయి. షిఫ్ట్ ఇంచార్జ్ వెనకాలే నిలబడి ఉన్నాడు, ఆ టెన్షన్‌లో ఏం చేయాలో తోచక గన్ ఆపేశాను.

బాక్స్ పాడైందంటారా? ఇంకోటి, కొన్ని రోజులుగా ప్యానెల్ మీద ‘స్టెప్పర్ ఎండ్’ అని వస్తోంది. వచ్చినప్పుడల్లా ఫాల్ట్ రీసెట్ నొక్కి నడిపిస్తున్నాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

హోసూరు_ఫ్యాబ్

హీట్, అదే కరెంటు సెట్టింగ్, ఒక 5 శాతం తగ్గించు తమ్ముడూ, రవ్వలు ఆగిపోతాయి. మేం అలాగే చేస్తాం.

చకన్_పాతకాపు

తమ్ముడూ, హీట్ మీద చెయ్యి వేయకు, కాసేపు ఆగు. ఇప్పుడు తగ్గిస్తే రవ్వలు ఆగుతాయి నిజమే, కానీ ఇంకో మూడు రోజులకి మళ్లీ వెల్డులు ఊడతాయి, అప్పుడు అసలు విలువ ఎంత ఉండేదో ఎవరికీ గుర్తుండదు. పదహారేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇలా ఒకరి తర్వాత ఒకరు తలా కొంచెం తిప్పి పాడుచేసిన ప్యానెల్స్ చాలా చూశాను.

నీ బాక్స్ బాగానే ఉంది. నువ్వు మార్చింది ఒక షెడ్యూల్, గన్ వాడేది ఇంకో షెడ్యూల్. ఒక కంట్రోల్‌లో చాలా షెడ్యూళ్లు ఉంటాయి, ఏది నడవాలో చెప్పేది బాక్స్ కాదు, గన్ మీద ఉన్న సెలెక్టర్ స్విచ్చో, పార్ట్‌ని పట్టి ఉంచే ఫిక్స్చర్‌ని నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ)యో. ఇన్‌పుట్ వైర్లు బైనరీ లెక్కలో వస్తాయి, మొదటిది ఒక్కటే వస్తే షెడ్యూల్ 1, మొదటిదీ రెండోదీ కలిసి వస్తే షెడ్యూల్ 3. బాక్స్ తగిలించగానే చాలావాటిలో షెడ్యూల్ 1 కనిపిస్తుంది, మనం అదే అనుకుని మార్చేస్తాం. ఏది నడుస్తోందో తెలియాలంటే నో-వెల్డ్‌లో (కరెంటు లేకుండా గన్ మాత్రం కదిలే మోడ్) పెట్టి, బాక్స్‌లో స్టేటస్ స్క్రీన్ తెరిచి, ట్రిగ్గర్ నొక్కు. అక్కడ వచ్చే నంబరే నీది.

ముందు ఒక పని చెయ్యి, ఇది చదివిన వెంటనే. షెడ్యూల్ 1ని తిరిగి 10కి పెట్టు. దాన్ని వేరే పార్ట్‌కి ఎవరో వాడుతూ ఉంటారు, పొద్దున షిఫ్ట్ వాళ్లు నువ్వు పెట్టిన 14తో కొట్టేస్తారు.

ఇక స్టెప్పర్ విషయం. నీ రెండు సమస్యలకీ మూలం అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. కొత్త టిప్ ముఖం 6 మి.మీ. ఉందనుకో. కొట్టగా కొట్టగా రాగి నలిగి పుట్టగొడుగులా విచ్చుకుని 8 మి.మీ. అవుతుంది. 6 నుంచి 8 అంటే చిన్న తేడాగానే కనిపిస్తుంది కానీ వైశాల్యం 28 చదరపు మి.మీ. నుంచి 50కి పోతుంది. అదే కరెంటు దాదాపు రెట్టింపు చోటులో పరుచుకుంటుంది, మధ్యలో లోహం కరగదు. జింక్ పూత షీటైతే ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే జింక్ 419 డిగ్రీలకే కరిగి టిప్ రాగిలో కలిసి ఇత్తడిలాంటి పొర అవుతుంది. చూడు, వాడిన టిప్ ముఖం పసుపుపచ్చగా మారి ఉంటుంది. ఈ అరుగుదలకి సరిపడా కంట్రోల్ తనంతట తానే, ఇన్ని వెల్డులకి ఇంత అని కరెంటుని మెట్లు మెట్లుగా పెంచుతుంది, అదే స్టెప్పర్. చివరి మెట్టు అయిపోతే ‘స్టెప్పర్ ఎండ్’ అంటుంది. అంటే ఇక పెంచడానికి లేదు, టిప్పులు మార్చు లేదా డ్రెస్ చెయ్యి, అంటే ముఖం చెక్కి మళ్లీ ఆకారానికి తెచ్చుకో అని. మీరు రీసెట్ నొక్కి ఇంకా కొట్టారు, టిప్ ఇంకా విచ్చుకుంది, కరెంటు మాత్రం అక్కడే ఆగింది, వెల్డులు ఊడాయి.

తర్వాత కొత్త టిప్పులు వేశారు, కానీ స్టెప్పర్‌ని మొదటికి తేలేదు. తొలి మెట్టు మీద 10 కిలో ఆంపియర్లు, చివరి మెట్టు మీద 11.5 ఉన్నాయనుకుందాం. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 32 శాతం ఎక్కువ వేడి, అదీ చిన్న ముఖం ఉన్న కొత్త టిప్ మీద. చిల్లు పడక ఏం చేస్తుంది!

ఫాల్ట్ రీసెట్ వేరు, స్టెప్పర్ రీసెట్ వేరు. కొన్ని ప్యానెల్స్‌లో స్టెప్పర్ రీసెట్‌కి తలుపు మీద తాళంచెవి స్విచ్ ఉంటుంది, లేకపోతే బాక్స్‌లోంచే చేయాలి. మీ సీనియర్ బాక్స్‌తో చేసేవాడేమో, ఆయన వెళ్లాక ఆ పని ఆగిపోయినట్టుంది. స్టెప్పర్ మెనూలోకి వెళ్లి నీ గన్‌కి ఏ స్టెప్పర్ కట్టి ఉందో చూసుకుని దాన్నే రీసెట్ చెయ్యి, అన్నీ రీసెట్ చేయకు. పక్క గన్ టిప్పులు సగం అరిగి ఉంటే దాని కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది.

ఓరగడం_క్వాలిటీ

పాతకాపు అన్న చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. క్వాలిటీ వైపు నుంచి ఒక మాట. ‘స్టెప్పర్ ఎండ్’ మొదట ఏ రోజు వచ్చిందో అప్పటి నుంచి చేసిన బ్రాకెట్లన్నీ పక్కన పెట్టించండి. మీరు ఈ రాత్రి వెల్డు సరిచేస్తారు, బాగుంది, కానీ నిన్నా మొన్నా చేసినవి ఇప్పటికే ట్రాలీల్లో ఉంటాయి. అవి కారులో బిగిస్తారు, ఆ కారులో మనుషులు కూర్చుంటారు. మీ క్వాలిటీ వాళ్లకి నోటితో కాదు, కాగితం మీద రాసి చెప్పండి. కోప్పడతారేమోనని దాచవద్దు అండి, దాచినవే తర్వాత పెద్దవవుతాయి.

రెండోది, స్క్రీన్ మీద కిలో ఆంపియర్లు సరిగ్గా ఉన్నాయి కదా అని వెల్డు బాగుందనుకోకండి. బాక్స్‌కి కరెంటు తెలుస్తుంది, టిప్పులు ఎదురెదురుగా సరిగ్గా కూర్చున్నాయో లేదో తెలియదు, నీళ్లు పారుతున్నాయో లేదో చాలా ప్యానెల్స్‌కి తెలియదు. ఒక ముక్క చించి చూడాల్సిందే. ఒక షీటుకి చిల్లు పడి రెండో షీటుకి బొత్తాం అంటుకుని రావాలి, దాన్ని వెర్నియర్‌తో రెండు దిక్కులా కొలిచి సగటు తీయండి. చాలామంది పాటించే కనీస లెక్క, షీటు మందం వర్గమూలానికి 4 రెట్లు. 1 మి.మీ. షీటుకి 4 మి.మీ. వస్తుంది. మీ కస్టమర్ డ్రాయింగ్‌లో వేరే ఉంటే అదే ఫైనల్.

స్క్వీజ్ టైమ్, అంటే కరెంటు వచ్చేముందు గన్ నొక్కి పట్టే సమయం, కూడా ఒకసారి చూడండి. గన్ పూర్తిగా నొక్కకముందే కరెంటు వస్తే కూడా ఇలాగే రవ్వలు వస్తాయి. గాలి గేజ్ చూసి సరిపెట్టుకోకుండా ఫోర్స్ గేజ్ టిప్పుల మధ్య పెట్టి కొలవండి.

చకన్_పాతకాపు

అవును, ఫోర్స్ సంగతి నేను మర్చిపోయాను, మంచిగా గుర్తుచేశావు అమ్మా. జాగ్రత్త విషయం కూడా ఒకటి చెప్పాలి. నో-వెల్డ్ అంటే కరెంటు మాత్రమే రాదు, గన్ మాత్రం మామూలుగానే మూసుకుంటుంది. ఆ టిప్పుల మధ్య 200 కిలోల పైన ఒత్తిడి. ఒక చేత్తో బాక్స్ పట్టుకుని స్క్రీన్ చూస్తూ రెండో చెయ్యి టిప్ దగ్గర పెట్టే అలవాటు చాలామందికి ఉంది, నా పక్కనే పనిచేసిన కుర్రాడి చూపుడువేలు అలాగే పోయింది. టిప్ మార్చేటప్పుడు గాలి మూసి, పైపులో మిగిలిన గాలి వదిలేసి, మెయిన్ ఆపి తాళం వేసి అప్పుడే చెయ్యి పెట్టు. కేవలం వెల్డు ఆగిందని ట్రాన్స్‌ఫార్మర్ మీద వోల్టేజీ లేదనుకోకు, లోపలికి 415 వోల్టులు వస్తూనే ఉంటాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గన్ దగ్గరికి రాకూడదు, ఈ మాట మీ లైన్‌లో అందరికీ చెప్పు.

రోబో_లైన్

చిన్న మాట. సైకిళ్లు అంటున్నారు కాబట్టి ఇది ఏసీ కంట్రోల్ అయి ఉంటుంది. మన 50 హెర్ట్జ్ సప్లైలో ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు, 10 సైకిళ్లు 200 మిల్లీసెకన్లు. రోబో గన్లకి వాడే 1000 హెర్ట్జ్ ఇన్వర్టర్ కంట్రోళ్లు చాలావాటిలో టైమ్ నేరుగా మిల్లీసెకన్లలోనే ఉంటుంది. రేపు నిన్ను ఆ లైన్‌కి పంపితే అలవాటు కొద్దీ 10 అని కొట్టేస్తావు, అస్సలు వెల్డు పడదు. ఇంకో ప్లాంటు సెట్టింగ్ షీటు తెచ్చుకున్నప్పుడు అది ఎన్ని హెర్ట్జ్ దేశానిదో కూడా చూడు, అమెరికా 60 హెర్ట్జ్ షీటులో 12 సైకిళ్లంటే మన దగ్గర 10.

హోసూరు_ఫ్యాబ్

స్టెప్పర్ సంగతి నాకు తెలియదన్నా. మా ప్యానెల్స్‌లో అది ఆఫ్ చేసి ఉంది, టిప్పులు అరిగే కొద్దీ మేమే చేత్తో పెంచుతాం, మార్చినప్పుడు తగ్గిస్తాం. ఇప్పుడు అర్థమైంది. రేపు మా ఇంచార్జ్‌తో మాట్లాడతాను.

నైట్‌షిఫ్ట్_పెనుకొండ

అన్నలకీ అక్కకీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే చేశాను, ఏం జరిగిందో రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నో-వెల్డ్‌లో పెట్టి స్టేటస్ స్క్రీన్ తెరిచి ట్రిగ్గర్ నొక్కితే, టిప్పులు టక్‌మని మూసుకున్నాయి, స్క్రీన్ మూలన 3 అని వచ్చి పోయింది. రెండోసారి నొక్కితే మళ్లీ 3. నేను రాత్రంతా 1ని మారుస్తూ కూర్చున్నాను. షెడ్యూల్ 1 అదే ఫిక్స్చర్ మీద 0.8 మి.మీ. చిన్న ప్లేటుకి వాడుతున్నారట, పొద్దున షిఫ్ట్ మొదలవ్వకముందే దాన్ని 10కి తెచ్చేశాను, ఒక్క పీసు కూడా 14తో వెళ్లలేదు.

స్టెప్పర్ మెనూలో మా గన్‌ది 5లో 5వ మెట్టు, కౌంట్ చివరి అంకె దాటి ఆగి ఉంది. రీసెట్ కొట్టాను, 1వ మెట్టు, కౌంట్ సున్నా. షెడ్యూల్ 3లో ఒక్క అంకె కూడా మార్చలేదు. ఇంచార్జ్‌ని పిలిచి ఆయన ముందే వెల్డు కొట్టించాను. రవ్వ లేదు, చప్పుడు కూడా మారింది, చిటపటలు పోయి మెత్తటి గుంయ్‌మనే శబ్దం. చించి చూస్తే గుండ్రటి బొత్తాం, వెర్నియర్‌లో 5.2, 5.4. మూడు పీసులూ అలాగే వచ్చాయి.

పాత పీసుల విషయం క్వాలిటీ మేడమ్‌కి రాసి ఇచ్చాను. తిట్లేం పడలేదు, నాలుగు ట్రాలీలు ఎర్ర ట్యాగ్ వేసి పక్కన పెట్టించారు, ఒక్కోటి చూస్తున్నారు. షెడ్యూళ్లు అన్నీ, స్టెప్పర్ మెట్లతో సహా, ఒక నోట్‌బుక్‌లో ఎక్కించి తేదీ వేసి ప్యానెల్ తలుపు లోపల కట్టాను. టిప్ మార్చిన ప్రతిసారీ స్టెప్పర్ రీసెట్ చేసినట్టు ఆపరేటర్ సంతకం పెట్టేలా ఇంచార్జ్ ఒక షీట్ పెట్టారు.

చివరిగా ఒక డౌట్. ఇంకో పాత ప్యానెల్‌లో బాక్స్ తగిలిస్తే ‘బ్యాటరీ లో’ అని వస్తోంది. ఆ బ్యాటరీ బాక్స్‌దా, ప్యానెల్‌దా?

చకన్_పాతకాపు

ప్యానెల్‌ది. పాత కంట్రోళ్లలో చాలావాటికి ప్రోగ్రామ్ మెమరీని నిలబెట్టేది ఆ బ్యాటరీయే, అది చచ్చిపోయాక మెయిన్ ఆపితే షెడ్యూళ్లన్నీ ఎగిరిపోతాయి. ఈ ఆదివారం షట్‌డౌన్ ఉంటే దానికి ముందే విలువలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకో. కంట్రోల్ పవర్ ఉండగానే మార్చాల్సిన రకం కొన్ని ఉంటాయి, మీ మోడల్‌కి ఎలాగో మాన్యువల్‌లో చూసి, తలుపు తెరిచే అనుమతి ఉన్నవాళ్లతోనే చేయించు, ఒక్కడివే చేయకు. మార్చాక బాక్స్ తగిలించి ప్రతి షెడ్యూలూ నోట్‌బుక్‌తో సరిచూసి, ఆ తర్వాతే లైన్ ఇవ్వు.