అప్‌డేట్: రమ్మీ మానలేక ప్రభువు బల్ల గురించి అడిగింది నేనే

ఆదివారం ఏడ్చి ఒప్పుకోవడం, వారం మధ్యలో మళ్ళీ ఆన్‌లైన్ రమ్మీ ఆడటం. ఇలాంటివాడు ప్రభురాత్రి భోజనం (ప్రభువు బల్ల అన్నా ఇదే, యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ చర్చిలో తీసుకునే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవచ్చా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

బైబిల్లో 1 కొరింథీ 11:28 చదవమని ఒక అక్క రాశారు. దూరంగా ఉండమని ఉంటుందనుకున్నాను. తనను తాను పరీక్షించుకుని, అప్పుడు తినమని ఉంది. పాస్టర్ గారూ అదే అన్నారు. వెంటనే "ఇంట్లో తెలుసా?" అన్నారు. అక్కడ దొరికిపోయాను.

దేవుడికి చెప్పుకోవడం నాకు సులువే. యాకోబు 5:16 చెప్పినట్టు మనిషి ముందు ఒప్పుకోవడమే కష్టం. గొలుసు తాకట్టుతో సహా మా ఆవిడకి చెప్పేశాను. కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు జీతం ఆమె చేతికే, నా ఫోన్‌లో యూపీఐ లేదు. ఇది విశ్వాసం లేకపోవడమని ఒకరిద్దరు అన్నారు. కన్ను అభ్యంతరపరిస్తే, అంటే పాపంలో పడేస్తే, పెరికివేయమన్న ప్రభువు యూపీఐ తీసేస్తే తప్పుపడతాడా?

2025 చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆటలు ఆగిపోగానే పీడ వదిలిందనుకున్నాను. ఆశ మాత్రం వదల్లేదు. వాట్సాప్‌లో క్రికెట్ బెట్టింగ్ లింకు వస్తే స్నేహితుడి ఫోన్ నుంచి ఆడాను. ఇదివరకైతే ఆదివారం దాకా దాచేవాణ్ణి. ఈసారి ఆ రాత్రే సంఘపెద్దకు ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు, పొద్దున్నే ఇంటికొచ్చారు.

అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న బైబిల్లోని జక్కయ్యలా ఇచ్చే స్తోమత లేదు. అబద్ధం చెప్పి బావమరిది దగ్గర తీసుకున్నది మాత్రం నెలనెలా తీరుస్తున్నాను. ఇంకా సగం ఉంది.