నాన్నగారి యాషికా: రీలు వేసి వాడాలా, బీరువాలో దాచాలా?

బందరుఅబ్బాయి:
మా నాన్నగారికి బందరులో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. 1978 నుంచి ఆయన పెళ్ళిళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులుండే యాషికా మ్యాట్ 124జి ఫిల్ము కెమెరాతోనే తీశారు. పోయిన నెల అటక మీంచి దించితే తోలు కవరు నిండా బూజు, లెన్సులో సాలెగూడు లాంటి ఫంగస్. తుడిపించి అద్దాల బీరువాలో పెడదామని తమ్ముడు అంటాడు. నాన్న చేతి గుర్తు కదా, వాడితే పాడవుతుందని వాడి భయం. నాకేమో ఒక్క రీలైనా తీయాలని ఉంది. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరైతే ఏం చేస్తారు? ఎందుకో కూడా చెప్పండి.

అద్దాలబీరువా:
మీ తమ్ముడి మాటే సరైనది. ఇరవై ఏళ్ళుగా పాత కెమెరాలు సేకరిస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ కెమెరాకు కొత్త విడిభాగాలు ఇప్పుడెక్కడా తయారు కావడం లేదు. లోపల ఒక గేరు పన్ను విరిగితే ఇంకో యాషికాను విప్పి తీయాలి. అంటే ఒకటి బతకాలంటే ఇంకొకటి పోవాలి. "ఒక్క రీలే కదా" అని నేను కూడా రెండు కెమెరాలు పోగొట్టుకున్నాను. అవి అంగట్లో కొన్నవి కాబట్టి మళ్ళీ అలాంటివే కొనుక్కున్నాను. మీ నాన్నగారు వాడిన కెమెరా మళ్ళీ దొరకదు.

నలుపుతెలుపు:
దీనికి నేను ఒప్పుకోను. కదలకుండా పెట్టిన యంత్రం భద్రంగా ఉంటుందనుకోవడమే పొరపాటు. షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే రెప్ప) లోపలి నూనె, గ్రీజు ఏళ్ళ తరబడి కదలిక లేకపోతే జిగురవుతాయి. బందరు అన్నా, ఒక పని చేయండి. షట్టర్‌ను 1 సెకను మీద పెట్టి, హ్యాండిల్ తిప్పి, నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి. గడియారం తిరిగినట్టు సన్నటి శబ్దం ఒకే వేగంతో రావాలి. మధ్యలో నీరసించినా, తెరుచుకుని అలాగే ఉండిపోయినా సర్వీసింగ్ కావాలి. బీరువాలో పెట్టినా నెలకోసారి అన్ని స్పీడ్లలో నొక్కుతూనే ఉండాలి. ఆ మాత్రం చేస్తున్నప్పుడు రీలు వేస్తే తప్పేమిటి?

రీలుఖర్చు:
120 రీలు, కడిగించడం, స్కాన్ కలిపితే వెయ్యి రూపాయలు దాటుతోంది. వచ్చేది 12 బొమ్మలు. ముచ్చట కోసం ఒకసారి సరే, అలవాటు చేసుకుంటే మధ్యతరగతి ఇంటికి భారమే. నేనైతే బాగా వాడుకునేవాళ్ళకు అమ్మేస్తాను.

బందరుఅబ్బాయి:
అమ్మే ప్రసక్తే లేదండీ. అమ్మ ఊరుకోదు. 1 సెకను పెట్టి చూశాను, మొదటి రెండుసార్లు మధ్యలో ఆగింది, తర్వాత ఆడింది.

పెళ్ళిఫొటోలు:
బాబూ, ఆ కెమెరాతో నేను పద్నాలుగేళ్ళు బతికాను, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న. ఫంగస్ ఉన్నది పై లెన్సులోనా, కింది లెన్సులోనా? ఎవరూ అడగలేదు. పై లెన్సు మనం చూసుకోవడానికి మాత్రమే. బొమ్మ పడేది కింది లెన్సులో, అంటే 80 ఎం.ఎం., ఎఫ్ 3.5 యాషినాన్‌లో. పై దాంట్లో ఎంత ఫంగస్ ఉన్నా ఫొటోకు ఏమీ కాదు. కింది దాంట్లో పట్టి ఉంటే, ఎండకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లబారుతుంది. అది ఎన్నాళ్ళు ఉంటే అంత నష్టం. ఫంగస్ వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తింటుంది. తుడిచాక కూడా ఆ మరక పోదు.

ఆ కెమెరాను మాలాంటివాళ్ళం ఎందుకు పట్టుకుని వేలాడామో తెలుసా? దాని షట్టర్ లెన్సు లోపలే ఉంటుంది. 1/500 సెకను వరకు ఏ స్పీడు పెట్టినా ఫ్లాష్ కలుస్తుంది. జీలకర్ర బెల్లం వేళ, తాళి కట్టే వేళ రెండోసారి అవకాశం ఉండదు. 12 బొమ్మల్లో ఏవి తీయాలో మండపంలోకి అడుగు పెట్టకముందే మనసులో రాసుకునేవాళ్ళం. నడుము దగ్గర పట్టుకుని తల వంచి చూస్తాం కాబట్టి ఎదుటివాళ్ళు బిగుసుకుపోయేవారు కాదు. ముసలమ్మలు సైతం మామూలుగా కూర్చునేవారు. మీ నాన్నగారి ఫొటోలు చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

వాడదలుచుకుంటే కొన్ని జాగ్రత్తలు. సెల్ఫ్ టైమర్ ముట్టుకోవద్దు. ఈ వయసు షట్టర్లలో అది ఇరుక్కుంటే అంతా ఆగిపోతుంది. షట్టర్ ఎక్కించి రోజుల తరబడి వదిలేయొద్దు. వెలుతురు కొలిచే మీటరు పాత పాదరసం బ్యాటరీ కోసం చేసింది, 1.35 వోల్టులది. ఇప్పుడు దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు ఉన్నట్టు చూపిస్తుంది, బొమ్మలు నల్లబడతాయి. వినికిడి యంత్రాల్లో వాడే జింక్ బ్యాటరీ దగ్గరగా సరిపోతుంది. అసలు మీటరు లేకపోయినా కెమెరా ఆగదు, షట్టర్‌కు బ్యాటరీతో పని లేదు. 100 స్పీడు ఫిల్ముకు మన ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్ 16, షట్టర్ 1/125 సెకను పెట్టుకోండి, చాలు.

లెన్సు మాత్రం యూట్యూబ్ చూసి విప్పొద్దు. లెన్సు ముందరి అద్దాలు తిరిగి బిగించేటప్పుడు ఫోకస్ తప్పితే పై లెన్సులో స్పష్టంగా కనిపించింది ఫిల్ము మీద మసకగా పడుతుంది. రీలు కడిగేదాకా మీకు తెలియదు.

అద్దాలబీరువా:
పెద్దాయన మాటకు విలువ ఇస్తాను. కానీ ఫంగస్ పట్టిన కెమెరాను మిగతా వాటి పక్కన పెట్టకండి, అంటుకుంటుంది.

నలుపుతెలుపు:
అంటుకోవడం కాదండీ. ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మీ కొత్త లెన్సు మీద కూడా ఉన్నాయి. మొలిపించేది తేమ. తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే ఏ లెన్సుకైనా పడుతుంది, బందరులో శ్రావణ భాద్రపదాల్లో చెప్పనే అక్కర్లేదు. అసలు దోషి ఆ తోలు కవరు. చెమ్మంతా పీల్చి పట్టి ఉంచుతుంది. దాన్ని వేరుగా ఎండబెట్టి విడిగా పెట్టండి. కెమెరాను గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో ఉంచండి. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు వేడి చేయాలో తెలుస్తుంది.

అద్దాలబీరువా:
నా దగ్గర పక్కపక్కన ఉన్న నాలుగింటికీ ఒకే వానాకాలంలో పట్టింది. మీరు చెప్పేది నిజమే కావచ్చు, నేను మాత్రం వేరుగానే పెడతాను.

పాతనెగటివ్:
ఆలస్యంగా వస్తున్నాను. మొత్తం చదివాను. కెమెరా గురించి ఇంత మాట్లాడుకున్నాం. ఆ కెమెరా తీసిన నెగటివ్‌లు ఎక్కడున్నాయని ఒక్కరూ అడగలేదు.

రాజా దీనదయాళ్ 1905లో పోయారు. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్, సికింద్రాబాదులో స్టూడియో. ఆయన గాజు పలకల నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆనాటి హైదరాబాదు మనకు కనిపిస్తోందంటే ఆ పలకల వల్లే. ఆయన ఏ కెమెరా వాడారని ఎంతమంది అడుగుతారు?

మన ఊళ్ళ స్టూడియోలవి ఏమయ్యాయి? నలుపు తెలుపు నెగటివ్‌లో వెండి ఉంటుంది. స్టూడియో మూసేసినప్పుడు వెండి తీసేవాళ్ళకు కిలోల లెక్కన అమ్మేశారు. ఒక ఊరి నలభై ఏళ్ళ ముఖాలు అలా కరిగిపోయాయి. బందరు అన్నా, మీ నాన్నగారివి ఉన్నాయా?

బందరుఅబ్బాయి:
ఉన్నాయండీ. మూడు ట్రంకు పెట్టెలు. కొన్ని ఊటీ ఫ్యాక్టరీ ఇందు ఫిల్ములు, మిగతావి విదేశీవి. ఇంతకాలం తెరవలేదు. మీరు అడిగాక తెరిచాను. ఒక పెట్టెలో వెనిగర్ వాసన గుప్పుమంది. ఎందుకలా?

పాతనెగటివ్:
ఫిల్ము అడుగున ఉండే అసిటేట్ అనే ప్లాస్టిక్ కుళ్ళుతోంది. వేడి, తేమ తగిలితే అందులోంచి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే బయటికి వస్తుంది. ఆ ఆమ్లం కుళ్ళును ఇంకా తొందర చేస్తుంది, పక్క ఫిల్ములకూ పాకుతుంది. తర్వాత ఫిల్ము ముడుచుకుని, పై పొర ముడతలు పడి ఊడిపోతుంది. వెనక్కి తిప్పలేం, నెమ్మది చేయగలం.

ఈ రోజే వాసన వచ్చే పెట్టెను వేరే గదిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి కాగితం కవర్లలోకి మార్చండి. కెమెరాకు చెప్పినట్టు గట్టి మూత డబ్బాలో బిగించకండి, ఆ ఆవిరి బయటికి పోవాలి. చల్లటి, గాలి ఆడే గది చూడండి. అటక వద్దే వద్దు. ఒకదానికొకటి అతుక్కున్నవి బలవంతంగా లాగొద్దు, బొమ్మ పొర ఊడొస్తుంది. వాసన వచ్చే వాటినే ముందు స్కాన్ చేయండి. తెల్లటి లైటు పలక, బాగా దగ్గరి నుంచి తీసే మ్యాక్రో లెన్సు ఉన్న డిజిటల్ కెమెరా, ఒక స్టాండు చాలు. 6 బై 6 సెంటీమీటర్ల నెగటివ్ పెద్దది కాబట్టి ఇంట్లో తీసినా బాగా వస్తుంది.

రీలుఖర్చు:
పైన అమ్మేయమన్నాను. రీళ్ళ మీద పెట్టే డబ్బు ముందు ఆ లైటు పలక మీద పెట్టండి. మా నాన్న పెళ్ళి ఫొటో ఒక్కటే మిగిలింది మాకు, అదీ చెద తిన్నది. ఆ స్టూడియోలో నెగటివ్ ఉంటే ఎంత బాగుండేదో.

అద్దాలబీరువా:
కెమెరా మీద నా మాట మార్చుకోను. కానీ నేను కొన్న రెండు కెమెరాలతో పాటు అమ్మినవాళ్ళు నెగటివ్‌ల సంచులు ఇచ్చారు. చోటు లేదని పారేశాను. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

బందరుఅబ్బాయి:
అందరికీ నమస్కారాలు. తమ్ముడు, నేను రెండు ఆదివారాలు కూర్చున్నాం. వాసన వచ్చే పెట్టెలో 214 కవర్లు, ఒక్కోదాని మీద నాన్న చేతిరాతతో పెళ్ళివారి ఇంటిపేరు, ఊరు, తేదీ. అతుక్కున్నవి పదకొండు, వాటిని కదపలేదు. ఇంతవరకు 60 కవర్లు స్కాన్ అయ్యాయి. మా వీధిలోనే ఒకావిడకు ఆమె పెళ్ళి ఫొటో చూపించాం. అందులో ఉన్న వాళ్ళమ్మగారి ఫొటో వాళ్ళింట్లో ఇదొక్కటేనట. చాలాసేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

కెమెరాలో ఫంగస్ కింది లెన్సులోనే ఉంది. పెళ్ళిఫొటోలు గారు చెప్పినట్టే విప్పకుండా విజయవాడలో ఒక పాత మెకానిక్‌కు ఇచ్చాం. పూత మీద చిన్న మరక ఉంటుందన్నారు. తమ్ముడు ఒక్క రీలుకు ఒప్పుకున్నాడు. మొదటి బొమ్మ అమ్మది తీయాలన్నది వాడి షరతు. ఎఫ్ 16, 1/125 అన్నారు కదా. మా అరుగు మీద నీడలో తీయాలంటే ఎంత పెట్టమంటారు?

పెళ్ళిఫొటోలు:
నీడలో ఎఫ్ 5.6, 1/125 పెట్టు బాబూ. ఎండ అమ్మ వెనక పడకుండా చూసుకో, ఆ మరక ఉంది కదా.