రామగుండం కరెంటు సూపర్ కండక్టర్ తీగల్ల తెస్తే లాస్ ఆగుతదా?

నర్సంపేట రైతుబిడ్డ: రామగుండం నుంచి వరంగల్‌కు సూపర్ కండక్టర్ తీగలు గుంజితే రెసిస్టెన్స్ సున్నా, లాస్ సున్నా. హన్మకొండల ఎమ్మారై మిషన్లు నడుస్తలేవా? వాటిల ఉన్నది గదే కదా. లైన్లకు ఎందుకు వద్దంటరు?

రిటైర్డ్ ఏఈ: తమ్మీ, ఎమ్మారైల నయోబియం-టైటానియం తీగ చుట్ట ఉంటది. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంల మునిగి ఉంటది. ఒక్కసారి కరెంటు ఎక్కించి కొసలు కలిపితే, సప్లై తీసేసినా ఏండ్లకేండ్లు తిరుగుతనే ఉంటది. అది ఒకే దిక్కు పోయే డీసీ. మనది అటిటు మారే ఏసీ. దిశ మారుతున్న కరెంటుకు సూపర్ కండక్టర్ల గూడ కొంత వేడి పుడతది. గసొంటి లైన్లను చల్లగుంచే ద్రవ నైట్రోజన్ చలిల పుట్టిన ఒక్క వాటు వేడిని బయటికి తొయ్యాలంటే పది వాట్లకు పైనే కరెంటు కావాలె.

అసలు లాస్ ఎక్కువ యాడ పోతుందో చూడు. 400 కేవీ లైన్ల కాదు. అక్కడ వోల్టేజీ ఎక్కువ కాబట్టి కరెంటు తక్కువ. కరెంటు సగమైతే తీగల లాస్ పావువంతే. ఎక్కువ పోయేది ఊర్లె ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బాయికాడి మోటర్ దాంక గుంజిన ఎల్టీ (తక్కువ వోల్టేజీ) తీగల. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి 11 కేవీని మోటర్ల దగ్గరికి తెస్తే దానికి మందు అదే.

కాజీపేట కుర్రోడు: రాగి తీగనే అంత చల్లగ చేస్తే సున్నా కాదా అన్నా?

ఓరుగల్లు ఫిజిక్స్: కాదు. రాగిలో రెసిస్టెన్స్ తగ్గుతూ పోయి, మలినాల వల్ల ఒకచోట ఆగిపోతుంది. పాదరసం వేరు: 1911లో కామర్లింగ్ ఓనెస్ చూసినప్పుడు 4.2 కెల్విన్ (దాదాపు మైనస్ 269 డిగ్రీలు) దగ్గర ఒక్కసారిగా మాయమైంది. ఆ చలిలో ఎలక్ట్రాన్లు జతకట్టి, అన్ని జతలూ ఒకే స్థితిలో కదులుతాయి. ఒక్కదాన్ని పక్కకు తప్పించాలంటే జత విడగొట్టేంత శక్తి కావాలి, అది ఆ చలిలో దొరకదు. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పిన వివరణ ఇది.

ఏఈ సార్‌తో ఒకచోట ఒప్పుకోను. 1987లో వచ్చిన ఇట్రియం-బేరియం-కాపర్ ఆక్సైడ్‌కు సుమారు 93 కెల్విన్ (మైనస్ 180 డిగ్రీలు) చాలు, అంటే 77 కెల్విన్ (మైనస్ 196 డిగ్రీలు) దగ్గర మరిగే నైట్రోజన్ సరిపోతుంది. జర్మనీలోని ఎస్సెన్‌లో 2014లో దాదాపు కిలోమీటరు సూపర్ కండక్టర్ కేబుల్ వేశారు: 10 కేవీ, 40 మెగావాట్లు. 110 కేవీ కేబుల్ చేసే పని అది చేస్తే నగరం మధ్యలో పెద్ద సబ్‌స్టేషన్ అక్కర్లేదు. లాభం లాస్‌లో కాదు, జాగలో.

నర్సంపేట రైతుబిడ్డ: 2023ల కొరియావోళ్లు మామూలు వేడిల్నే పనిచేసేది దొరికిందన్నరు గద?

ఓరుగల్లు ఫిజిక్స్: ఎల్‌కే-99. వేరే ల్యాబుల్లో నిలవలేదు. రెసిస్టెన్స్ పడిపోయింది అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ వల్ల.

రిటైర్డ్ ఏఈ: జాగ మాటంటే ఒప్పుకుంట. హన్మకొండ చౌరస్తల సబ్‌స్టేషన్‌కు గజం జాగ దొరకది. కానీ రామగుండం దాంక అంటే మాత్రం నేను సంతకం పెట్ట.