చర్చిల పాత ఆర్గాన్ కొత్త బిల్డింగ్‌కి షిఫ్ట్ చేయాలె, ఎట్ల?

హన్మకొండ_క్వైర్:
అందరికి వందనాలు. మా చర్చి పాత బిల్డింగ్ కూలగొడ్తున్రు, కొత్తది పక్క గల్లీలనే. అండ్ల పాత ఆర్గాన్ ఒకటుంది, అమెరికా మిషనరీలు తెచ్చిన్రని పెద్దోళ్లు అంటరు, పైన బంగారు రంగు గొట్టాలు వరుసగ ఉంటయి, కింద కాళ్లతోని తొక్కుడు. ఒక కీ అయితే వదిలినంక గూడ కూస్తనే ఉంటది. కీబోర్డు ఉండంగ ఇదెందుకని కమిటీల కొందరు, తీస్కపోవాల్సిందే అని అయ్యగారు. పోరగాళ్లను పెట్టి ట్రాలీ ఆటోల ఎక్కిస్తే సరిపోతదా? అసలు ఇది పైప్ ఆర్గానేనా?

మట్టెవాడ_పెట్టె:
తొక్కేదైతే చాలావరకు రీడ్ ఆర్గానే బ్రదర్, అంటే గొట్టాలు కాదు, లోపల సన్న ఇత్తడి రేకులు (రీడ్లు) గాలికి అదిరి మోగుతయి. అప్పట్ల అమెరికాల పైన ఉత్తుత్తి గొట్టాలు పెట్టి అమ్మేటోళ్లు, షోకు అన్నట్టు. వెనక చెక్క విప్పి చూడు, ఇత్తడి రీడ్లు కనిపిస్తే ఇంక డౌటే లేదు. మన హార్మోనియం గాలిని బయటికి నెడ్తది, ఈ అమెరికా పెట్టెలు లోపలికి గుంజుతయి. ఎస్టీ (Estey) అని పేరుందా చూడు, అమెరికా వెర్మాంట్ రాష్ట్రంల ఆర్గాన్ కంపెనీ అది, 5 లక్షలకు పైనే చేసిన్రు. కీ కూసుడు పెద్ద రోగం కాదు, కింద మూత సరిగ పడ్తలేదు, దుమ్ము ఇరుక్కుంటది.

కాజీపేట_జంక్షన్:
నిజంగ పైప్ ఆర్గానే అయితే ఆటో ముచ్చట మర్చిపో అన్నా, ఒక్కో గొట్టం విప్పి నంబరేసి చుట్టాలె. ఫిలిప్పీన్స్ లాస్ పిన్యాస్ చర్చిల వెదురు ఆర్గాన్ ఉంది, డియేగో సెరా అనే ఫాదర్ 1824ల పూర్తి చేసిండు, 1031 గొట్టాల్ల 902 వెదురువే. భూకంపాలకు, తుఫాన్లకు పాడైతే 1973ల జర్మనీల బాన్‌కు రిపేర్‌కు పంపిన్రు, 1975ల వాపస్ వచ్చింది. అక్కడి రూమ్‌ల గూడ ఫిలిప్పీన్స్ లెక్క ఉక్కపోత పెట్టి పని చేసిన్రట, లేకుంటే వెదురు పగుల్తది కదా. మీరు గూడ రేకుల షెడ్డుల పెట్టకున్రి, మన ఎండకాలం సంగతి తెల్సిందే.

హన్మకొండ_క్వైర్:
విప్పి చూసిన, ఇత్తడి రీడ్లే! లోపల గాలితిత్తి గుడ్డ మొత్తం చినిగింది, ఎలుకలు గూడు పెట్టినయి. హార్మోనియం రిపేర్ ఆయనకు ఇయ్యొచ్చా?

మట్టెవాడ_పెట్టె:
ఇయ్యి, కని ఫెవికాల్ పెట్టనియ్యకు, మళ్ల విప్పాలంటే చెక్క గూడ ఊడొస్తది. పాత వడ్రంగులు వేడిచేసి పూసే జిగురే కావాలె. రీడ్లు తీసేముందు ఫోన్ల ఫొటోలు తీస్కో, వరుస తప్పితే శ్రుతి అంతా ఆగం. పెట్టెను అడ్డం పడుకోబెట్టి తేకున్రి, నిలవెట్టే తేవాలె.