యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు ఉన్నవాళ్లను వెనక్కి పంపేస్తారా?

చెన్నైలో మా వీధిలో ఉండే మయన్మార్ కుటుంబానికి యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) ఇచ్చిన శరణార్థి కార్డుంది. దాని గడువు దగ్గరపడింది, ఇంటాయనకు ఒకటే టెన్షన్. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదని తెలుసు. కానీ ప్రాణభయం ఉన్నచోటికి ఎవరినీ తిప్పి పంపకూడదన్న నియమం సంతకం చేయని దేశాలకూ వర్తిస్తుందని చాలామంది న్యాయనిపుణులు అంటారు. 1996లో చక్మాల (ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వచ్చిన శరణార్థులు) కేసులో సుప్రీంకోర్టు కూడా, రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులు కానివాళ్ల ప్రాణాలకూ రక్షణేనని చెప్పింది. మరి ఆచరణలో ఆ తీర్పు ఎంతవరకు పనికొస్తుంది? (అద్దెకే ఆధార్ అడిగే ఊరు, ఈ కార్డు ఎవరికి తెలుస్తుంది!)

శ్రీలంక తమిళుల శిబిరాల సంగతి వద్దు, వాళ్లను నమోదు చేసేది ప్రభుత్వమే. మద్రాసు హైకోర్టులో ఇలాంటి కేసులు చూసిన లాయర్లు ఎవరైనా ఉన్నారా? పోలీసులు పిలిస్తే ముందు ఎవరిని కలవాలి? ఉచిత న్యాయసహాయం వీళ్లకూ దొరుకుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.